మొదట పెట్టిన చెయ్యి

ఆ శుక్రవారం పొద్దున ఆకాశం విరిగిన పాలలా ఉంది. రాత్రంతా ఉరిమిన మబ్బు కోరుట్ల మీద ఒక్క చుక్క రాల్చలేదు. ముక్కలు ముక్కలుగా విడిపోయి, ఎటు పోవాలో తెలియనట్టు ఇళ్ళ మీదే నిలిచిపోయింది. గాలి లేదు. మిద్దెల మీద ఆరేసిన బట్టలు కదలడం లేదు.

రాబియా బీ వాకిట్లో నిలబడి పైకి చూసింది. వాన పడితే బాగుండు అనుకుంది. వాన పడితే సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చే బస్సు ఆలస్యమవుతుంది. ఆ మనిషి ఇంకో గంట రాడు.

రమ్మన్నది తనే.

అయిదేళ్ళ కిందట దుబాయిలో, ఒకే గదిలో ఉండే ఆరుగురిలో ఒకడు ఆమె పెద్దకొడుకు పాషాను ఇనుప గరిటెతో కొట్టి చంపాడు. కోనరావుపేట దగ్గరి పల్లె మనిషి, పేరు రాజనర్సు. నేరం ఒప్పుకుని జైలుకు పోయాడు. చచ్చినవాడి తల్లీ పెండ్లామూ క్షమిస్తే తప్ప అక్కడి చట్టం వదలదు. రాజనర్సు వైపు వాళ్ళు పైసలు పట్టుకుని వస్తే, రాబియా బీ వాళ్ళను పైసలతో సహా గడప బయటికి పంపింది. తర్వాత తనంతట తనే కోడలు జేబాను వెంటబెట్టుకుని పోయి క్షమాపణ కాగితం మీద వేలిముద్ర వేసింది. ఒక్కటే షరతు పెట్టింది. విడుదలైన తర్వాత ఒక జుమ్మా నాడు, శుక్రవారం పూట, ఆ మనిషి తన ఇంటికి రావాలి. తను నేల మీద పరిచే దస్తర్ఖాన్ ముందు కూర్చుని అన్నం తినాలి.

ఆ మాట విన్న చిన్నకొడుకు అఫ్రోజ్ ఇంటి తలుపును కాలితో తన్ని పగలగొట్టాడు. పాషా చచ్చిపోయిన రోజుల్లో అఫ్రోజ్ కూడా ఆ గదిలోనే ఉండేవాడు. అన్న ప్రాణం పోయిన పూట తాను డ్యూటీలో ఉన్నానని, తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయిందని చెప్పాడు. శవపేటికతో పాటు ఇంటికి వచ్చి, మళ్ళీ గల్ఫు మొహం చూడకుండా బస్టాండు దగ్గర మటన్ దుకాణం పెట్టుకున్నాడు. "వాడు గీ గడప తొక్కితే మేకను కోసినట్టు కోస్త అమ్మీ" అన్నాడు. అది రోజూ కోసేవాడి మాట.

వచ్చే జుమ్మాకు అఫ్రోజ్‌కూ వదిన జేబాకూ నిఖా. జేబా కూతురు నిషాత్‌కు ఏడేళ్ళు. ఆ పిల్లను నిన్ననే జగిత్యాలలో అమ్మమ్మ దగ్గరికి పంపారు. ఈ రోజు ఇంట్లో ఏం జరిగినా పిల్ల చూడకూడదని.

షరతు ఎందుకు పెట్టిందో రాబియా బీ ఎవరికీ చెప్పలేదు. శవంతో వచ్చిన కాగితాల్లో దెబ్బ ఎంత పొడుగో, ఎంత లోతో రాసి ఉంది. ఆమెకు కావలసింది మాత్రం అందులో లేదు. నా కొడుకు ఆ పూట అన్నం తిన్నాడా? ఆకలితో పోయాడా? అయిదేళ్ళుగా ఆమె ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ ఇదే అడ్డం పడుతోంది. చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఒక్కడే. అతను ఆ జవాబు చెప్పేదాకా అఫ్రోజ్ చెయ్యి లేవకూడదు. ఆమె కోరింది అంతే.

దస్తర్ఖాన్ తీసి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది. ఎర్రటి గుడ్డ, అంచున తెల్ల దారంతో తనే కుట్టిన పూలు. భర్త పోయేనాటికి పాషాకు తొమ్మిదేళ్ళు, అఫ్రోజ్‌కు అయిదు. రోజంతా బీడీలు చుట్టి ఇద్దరినీ పెంచింది. ఇంట్లో పచ్చిపులుసు తప్ప ఏమీ లేని రోజున కూడా ఆ గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మూలలూ సరిచేసి పరిచేది. ఉల్లిగడ్డను సన్నగా కోసి చుట్టూ పేర్చేది. గ్లాసులు ముగ్గుపిండితో తోమి తళతళలాడించేది. వాడకట్టు ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు: "రాబియా బీ ఇంట్ల పచ్చిపులుసు గూడ పెండ్లి విందేనాయె!"

ఆ విందుకు ఒక నియమం ఉండేది. అందరూ వచ్చి కూర్చోవాలి. ఆమె బిస్మిల్లా అనాలి. అప్పటిదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. పెడితే, అన్నం తిరగేసే వెడల్పాటి ఇనుప గరిటె, ఆ ఇంట్లో కఫ్గీర్ అంటారు, దానితో వేళ్ళ మీద పడేది. పేదవాళ్ళ పిల్లలు అన్నం మీద కుక్కల్లా పడతారని ఎవరూ అనకూడదని ఆమె పంతం.

వంటింట్లో జేబా బగారా అన్నానికి మసాలా వేయిస్తోంది. లవంగాల వాసన ఇల్లంతా కమ్మింది.

"కత్తులన్ని దాసిపెట్టిన అమ్మీ. నాలుగు. బియ్యం డబ్బల అడుగుకు ఉన్నయి."

"అయిదు ఉండాలె గదనే."

"అయిదోది ఆయన మొలకే ఉన్నది. అడుగుతె ఇస్తడా?"

రాబియా బీ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. జేబా గిన్నెలో గరిటె గట్టిగా తిప్పుతూ అన్నది: "నా మొగుణ్ణి చంపినోనికి బగారా, దాల్చా. ఇంటి అల్లునికి గూడ గింత జేయరు."

"అల్లుడు వంకలు పెట్టుకుంట తింటడు. గీయన ముద్ద మింగుతడో లేదో సూడాలె."

జేబా నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిగడ్డలు ఇంకా కోయనేలేదు.

* * *

పదకొండు గంటలకు రాజనర్సు వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి, అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు. తెల్లచొక్కా కొత్తది, మడతల గీతలు ఇంకా పోలేదు. చంకలో కాళ్ళు కట్టేసిన కోడి. చెప్పులు గేటు బయటే విడిచి, లోపలికి రమ్మనేదాకా ఎండలో నిలబడ్డాడు.

"పాణంతోటి తెచ్చిన అమ్మా" అన్నాడు, తల ఎత్తకుండా. "మా ఇంట్ల కోసి తెస్తె మీరు ముట్టరు గద. పాష చెప్తుండె. నా ఇంటికి ఎప్పుడన్న వస్తె కోడిని నడిపించుకుంట తే, మా అమ్మ కోయించుకుంటది అని."

ఆ నోట కొడుకు పేరు వినగానే రాబియా బీ గోడ పట్టుకుంది. అయిదేళ్ళలో ఆ పేరును అంత మామూలుగా పలికినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ "పాపం పాషా" అనేవాళ్ళే.

అఫ్రోజ్ లోపలి నుంచి వచ్చాడు. ఒక్క అంగలో వాకిలి దాటి, రాజనర్సు చంకలోంచి కోడిని లాక్కున్నాడు. ఆ ఊపుకు రాజనర్సు రెండడుగులు వెనక్కి పడ్డాడు.

"ఇటు రా. కాళ్ళు వట్టు."

"అఫ్రోజ్!" అన్నది రాబియా బీ.

"కోడిని కోస్తున్న అమ్మీ. నువ్వే గద విందు అన్నవ్. పట్టురా!"

రాజనర్సు మోకాళ్ళ మీద కూర్చుని కోడి కాళ్ళు పట్టుకున్నాడు. అఫ్రోజ్ మొల నుంచి కత్తి తీశాడు. ఎముకలు కొట్టే కత్తి కాదు, సన్నదీ, పొడుగుదీ. అల్లా పేరు తలచుకున్నాడు గానీ, చూపు కోడి మీద లేదు. రాజనర్సు కంఠం మీద ఉంది. ఒక్క గీత. కోడి విదిలించుకుంది. నెత్తురు చిమ్మి కొత్తచొక్కా మీద, గడ్డం మీద, కింది పెదవి మీద పడింది. రాజనర్సు తుడుచుకోలేదు. రెండు చేతులూ కోడి కాళ్ళకే ఉన్నాయి. అది చచ్చేదాకా వదల్లేదు.

"సూసినవా?" అన్నాడు అఫ్రోజ్, కత్తిని అతని భుజానికే తుడిచి. "నీకు గూడ గింతే టైం పడ్తది. అన్నం దినేదాక మా అమ్మ సుట్టానివి. చెయ్యి కడిగినంక నా సుట్టానివి."

"మంచిది తమ్మీ" అన్నాడు రాజనర్సు.

ఆ మాటకు అఫ్రోజ్ అతని ఛాతీ మీద కాలితో తన్నాడు. రాజనర్సు వెల్లకిలా పడి, తల నల్లా గద్దెకు కొట్టుకుంది. లేచి కూర్చున్నాడు. మళ్ళీ తన్నాడు. మళ్ళీ లేచాడు. మూడోసారి రాబియా బీ మధ్యకు వచ్చి నిలబడింది. అఫ్రోజ్ కాలు ఆమె చీర కుచ్చిళ్ళ దగ్గర ఆగింది.

"అజా అయితది. మసీదుకు పో."

"వీణ్ణి ఇంట్ల వెట్టి పోవాల్నా?"

"వీన్ని నేను కాస్త. పో."

అఫ్రోజ్ పోయాడు. పోతూ పోతూ గేటు బయట ఉన్న రాజనర్సు చెప్పులను మోరీలోకి తన్ని పోయాడు.

* * *

ఆ రెండు గంటలు రాబియా బీ ఏమీ అడగలేదు. మాటైనా, ముద్దైనా అందరూ కూర్చున్న తర్వాతే. తన నియమాన్ని తనే తప్పడం ఆమెకు చేతకాలేదు.

రాజనర్సు నల్లా దగ్గర మొహం కడుక్కున్నాడు. చొక్కా మీది మరక కడిగితే ఇంకా పెద్దదైంది. వంటింటి గుమ్మానికి నాలుగడుగుల దూరంలో నిలబడి, "పని ఏమన్న ఉంటె చెప్పుండ్రి, ఉత్తగ కూసోలేను" అన్నాడు.

లోపలి నుంచి జేబా ఉల్లిగడ్డల గంపను కాలితో బయటికి నెట్టింది. కత్తిపీట ఇచ్చింది.

అతను కత్తిపీటను పక్కన పెట్టి, ఒక పాత చెంచా అడుక్కుని, దాని అంచుతోనే పొట్టు తీశాడు. తర్వాత గడ్డను అరచేతిలో పెట్టుకుని, కత్తిపీట మీద తిప్పుతూ, చక్రాల్లా ఒకే మందంలో కోశాడు. కోసినవి స్టీలు తలె అంచు చుట్టూ పేర్చాడు. మధ్యలో నిమ్మబద్దలు. రాబియా బీ గుమ్మంలో నిలబడి చూసింది. అది తన పేర్పు. ముప్పై ఏళ్ళుగా తన చెయ్యి చేసే పని. తన కొడుకు దాన్ని ఎడారిలో ఒక గదిలో ఎవరెవరికో నేర్పాడు.

"ఎవరు నేర్పిండ్రు?" అని అడగబోయి నోరు మూసుకుంది.

అఫ్రోజ్ మసీదు నుంచి తిరిగి వచ్చాడు. టోపీ తీయలేదు. నడుము దగ్గర చొక్కా ఎత్తుగా ఉంది.

దస్తర్ఖాన్ పరిచారు. రాబియా బీ నాలుగు మూలలూ సరిచేసింది. బగారా గిన్నె మధ్యలో పెట్టింది, అందులో కఫ్గీర్. కోడికూర ఆవిర్లు కక్కుతోంది. నాలుగు తలెలు. గోడ వైపు రాబియా బీ, ఎదురుగా రాజనర్సు, కుడిపక్క అఫ్రోజ్. నాలుగో చోటు జేబాది. ఆమె ఇంకా వంటింట్లో, మాంసం వేసిన పప్పు, దాల్చా దించుతోంది.

"నేను ఉర్దూల అడుగను" అన్నది రాబియా బీ. "నీకు తెలువాలె. నువ్వు చెప్పేది నా కోడలు గూడ ఇనాలె. తెలుగులనే అడుగుత. నా కొడుకు ఆ పూట అన్నం దిన్నడా?"

రాజనర్సు ఈ ప్రశ్న కోసం అయిదేళ్ళుగా ఎదురు చూసినవాడిలా, వెంటనే తల అడ్డంగా ఊపాడు.

"లేదమ్మా. ముద్ద వెట్టలే."

ఆమె చేతివేళ్ళు దస్తర్ఖాన్ అంచును నలిపాయి.

"పొద్దున?"

"చాయ తాగిండు. రొట్టె నాకు ఇచ్చిండు. జుమ్మ గద, కడుపు ఖాళిగుంచుకుంట అన్నడు."

"జుమ్మ అయితె?"

"వారంల గా ఒక్క పూటనే అమ్మా, ఆరుగురం ఒక్కదగ్గర ఉండేది. మిగిలిన దినాలు ఎవని డ్యూటీ వానిది, ఎవని డబ్బ వానిది. నిలవడే తింటుంటిమి. జుమ్మ నాడు పాషనే వండుతుండె. మంచాలు లేపి గోడకు నిలవెట్టి, కింద దుప్పటి పరిచి, నడుమ ఒక్కటే పెద్ద తాంబాళం. ఉల్లిగడ్డ గిట్లనే పేరుస్తుండె. ఎవ్వలు రాకున్న ఆగాల్సిందే. ఆయన బిస్మిల్లా అనాలె. ముందుగాల చెయ్యి పెడ్తె గరిటెతోని యేళ్ళ మీద ఒక్కటి. మా అమ్మ గిట్లనే కొడ్తది అని నవ్వుకుంట కొడ్తుండె. మేం గూడ నవ్వుకుంట తింటుంటిమి. గా ఒక్క పూట కోసమే వారమంత పని జేసెటోళ్ళం."

అఫ్రోజ్ పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినిపించింది. "అమ్మీ, వీని కథలు ఇనుటానికా పిలిచింది? తినుమను. తిని లెవ్వుమను."

"నువ్వాగు. చెప్పు రాజనర్సూ."

"ఆ జుమ్మ ఎండ మస్తు కొట్టింది. కంపినోళ్ళు బలిమికి ఓటీ చేయించిండ్రు. పొద్దుగాలటి రొట్టె తప్ప ఎవ్వని కడుపుల ఏం లేదు. పాష అన్నం వండి, మూత పెట్టి, నమాజుకు పోయిండు. బస్సు దొరకలేదో ఏమో, శానసేపు రాలే. గప్పుడు..." అతను ఆగాడు. "గప్పుడు ఒక చెయ్యి తాంబాళంల పడ్డది."

"ఎవని చెయ్యి?"

రాజనర్సు తలెలోకి చూశాడు.

"పాష అప్పుడే అచ్చిండమ్మా. సూసిండు. ఆ దినం నవ్వలే. గరిటెను అంచు దిక్కు తిప్పి పట్టిండు. యేళ్ళ మీద కొట్టిండు. మోచేతి మీద కొట్టిండు. తల మీద కొట్టిండు. నెత్తురచ్చినా ఆపలే. ఎండకో, ఆకలికో, ఏం దయ్యం పట్టిందో. నేను గుంజుకున్న. గుంజుకొని ఒక్కటే దెబ్బ. ఆపుదామని కొట్టిన. కణతకు తాకింది. తాంబాళంలనే పడ్డడు."

వంటింటి నుంచి దాల్చా గిన్నె దించిన శబ్దం కూడా రాలేదు.

"నేను అడిగింది గది గాదు" అన్నది రాబియా బీ. "ఎవన్ని కొట్టిండు? ఎవని చెయ్యి అది?"

"గది అడుగకుండ్రి అమ్మా. కొట్టింది నేను. చంపింది నేను. గంతే."

"నా కొడుకు ఎవన్ని కొట్టుకుంట పాణం పోగొట్టుకున్నడో నాకు తెలువద్దా?"

"వీనిదే!" అఫ్రోజ్ అరిచాడు. "ఇంకెవనిది? వీడే పెట్టిండు! కుక్కతీరు వీడే పడ్డడు!"

"నువ్వు డ్యూటీల ఉంటివి గదరా" అన్నది తల్లి, అతని వైపు తిరిగి. "నీకెట్ల ఎరుక?"

అఫ్రోజ్ చెయ్యి స్టీలు చెంబు మీద పడింది. అది గాల్లోకి లేచి రాజనర్సు మొహాన్ని తాకిన చప్పుడు, కొబ్బరికాయ రాతికి తాకినట్టు వచ్చింది. నీళ్ళు, నెత్తురు, ఒక పన్ను దస్తర్ఖాన్ మీద పడ్డాయి. రెండో దెబ్బ చెవి మీద. రాజనర్సు పక్కకు ఒరిగాడు. అఫ్రోజ్ తలెల మీదుగా దూకి అతని ఛాతీ మీద మోకాలు వేశాడు. జుట్టు పట్టి తలను గచ్చుకేసి కొట్టాడు. ఒకసారి. రెండుసార్లు. కోడికూర గిన్నె తిరగబడింది. ఎర్రని పులుసు ఎర్రని గుడ్డ మీద పారింది.

రాజనర్సు చేతులు అడ్డం పెట్టలేదు. "కొట్టు తమ్మీ" అంటున్నాడు, నోటి నిండా నెత్తురుతో. "నువ్వన్న కొట్టు. కొట్టు."

"నోరు మూయ్!" అఫ్రోజ్ ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే గుద్దుతున్నాడు. "నోరు మూయ్, నోరు మూయ్!" మొలలోంచి కత్తి వచ్చింది. పొద్దున కోడి మెడ మీద ఆనినట్టే రాజనర్సు గొంతు మీద ఆనింది. తోలు తెగి సన్నటి గీత లేచింది.

రాబియా బీకి తాను లేచినట్టు తెలియదు. చేతికి కఫ్గీర్ ఎప్పుడు వచ్చిందో తెలియదు. అన్నంలోంచి లాగిన ఇనుము, ఆవిరి పొగలతో, అఫ్రోజ్ మణికట్టు మీద పడింది. ఎముక పలికింది. కత్తి జారి గోడ దాకా పోయింది. ఆమె మళ్ళీ ఎత్తింది. మోచెయ్యి భుజం దాకా, గరిటె తలపైకి. ముప్పై ఏళ్ళ కిందట ఎత్తినట్టే.

అఫ్రోజ్ రాజనర్సు మీద నుంచి ఎగిరిపడ్డాడు. గోడ మూలకు పాకి, రెండు చేతుల వేళ్ళూ చంకల్లో దాచుకుని, తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి గొంతులోంచి అయిదేళ్ళ పిల్లవాడి గొంతు వచ్చింది:

"వద్దమ్మీ! కొట్టకమ్మీ! నేనే! నేనే పెట్టిన ముందుగాల! ఆకలైందమ్మీ, మల్ల పెట్ట, మల్ల పెట్ట!"

గరిటె గాల్లోనే ఆగింది.

అంచున అంటుకున్న మెతుకు ఒకటి జారి ఆమె చేతి మీద పడింది. చురుక్కుమంది. ఆమె దులుపుకోలేదు.

అఫ్రోజ్ నోటి నుంచి మాట వచ్చేసింది. తిరిగి మింగడానికి లేదు. అతను నెమ్మదిగా తల ఎత్తి చూశాడు. తల్లి మొహం చూసి, మళ్ళీ దించుకున్నాడు. చంకలోంచి జారిన కుడిచేతి చివరి రెండు వేళ్ళు ఎప్పటిలాగే వంకరగా ఉన్నాయి. డ్యూటీలో ఇనుప తలుపు మీద పడిందని చెప్పిన వేళ్ళు. ఇంటికి వచ్చిన కొత్తలో రాత్రంతా వాటికి కాపడం పెట్టింది తనే.

"చంపుతుండె అమ్మీ" అన్నాడు గోడకు చెబుతున్నట్టు. "అన్న నన్ను చంపుతుండె ఆ దినం. గీయన గుంజకపోతె నేనే పోదును."

రాజనర్సు లేచి కూర్చోవడానికి ప్రయత్నించి, మోచేతి మీద ఆగిపోయాడు. గొంతు మీది గీత నుంచి నెత్తురు చొక్కా లోపలికి దిగుతోంది. "ఎందుకు చెప్పినవ్ తమ్మీ" అన్నాడు. నిజంగా బాధగా అన్నాడు. "అయిదేండ్లు నేను చెప్పలే గద."

"నువ్వెందుకు చెప్పలే?" అన్నది రాబియా బీ.

"చెప్తె పిలగాన్ని గూడ పట్టుకుంటుండ్రి. పంపక పోతుండ్రి." అతను నోట్లో నెత్తురు మింగాడు. "నీ ఇంట్ల ఒకన్ని నేను చంపితి. ఇంకొకన్ని గూడ ఇంటికి పోనియ్యకుంటనా అమ్మా?"

రాబియా బీ చేతిలోని ఇనుమును చూసింది. పచ్చిపులుసు రోజులన్నీ కళ్ళ ముందు కదిలాయి. ఇద్దరు పిల్లల చిన్న చిన్న వేళ్ళు, గుడ్డ అంచు దాకా వచ్చి, భయపడి, వెనక్కి పోయే వేళ్ళు. ఆకలి అవుతోందని ఏడ్చిన చిన్నోడు. 'మనం బిచ్చపోళ్ళమా?' అని తను అరిచిన అరుపు. ఆ అరుపు సముద్రం దాటి పోతుందని, ఒక గదిలో తన పెద్దకొడుకు చేతిలోకి పోతుందని ఎవరు చెప్పారు?

కఫ్గీర్‌ను కింద పెట్టలేదు. గిన్నెలో పెట్టలేదు. కిటికీ సందులోంచి బయటికి పారేసింది. పెరట్లో రాతి మీద పడి, చాలాసేపు మోగి, ఆగింది.

అప్పుడే ఆమెకు గుమ్మంలో జేబా కనిపించింది.

చేతుల్లో దాల్చా గిన్నె. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. పొగలు ఆమె మొహం మీదికి కొడుతున్నాయి. ఆమె చూపు రాజనర్సు మీద లేదు. గోడ మూలన ముడుచుకున్న అఫ్రోజ్ మీద ఉంది. వచ్చే జుమ్మాకు తనను చేసుకోబోయే మనిషి మీద. అయిదేళ్ళుగా, 'నేను ఆడ ఉంటె అన్నను కాపాడుదును భాబీ' అని ఆమె ముందు కూర్చుని ఏడ్చిన మనిషి మీద.

"భాబీ" అన్నాడు అఫ్రోజ్. వదినను పిలిచే ఆ పిలుపును పెండ్లి మాట కుదిరాక మానేశాడు.

జేబా లోపలికి వచ్చి గిన్నె దించింది. చీర కొంగు నోట్లో కుక్కుకోలేదు. గుండెలు బాదుకోలేదు. తిరగబడిన కూరగిన్నెను నిలబెట్టింది. అడుగున మిగిలిన నాలుగు ముక్కలు చూసింది. తలెలు ఒక్కొక్కటే తుడిచి, వాటి వాటి చోట పెట్టింది. నాలుగూ.

రాబియా బీ కింద కూర్చుంది. నెత్తురు పడిన చోటికి నిమ్మకాయల తలెను జరిపింది. ఉత్త చేత్తోనే బగారా అన్నం తీసి వడ్డించింది. రాజనర్సుకు. జేబాకు. తనకు. చివరికి అఫ్రోజ్ తలెలో.

"కూసోండ్రి" అన్నది. "సల్లారుతది."

అఫ్రోజ్ పాకినట్టే వచ్చి కూర్చున్నాడు. వాచిన మణికట్టును ఒళ్ళో పెట్టుకున్నాడు. రాజనర్సు చొక్కా అంచుతో నోరు తుడుచుకుని, కాళ్ళు మడుచుకున్నాడు. ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఆమె పెదవులు కదిలాయి. ఏమన్నదో ఎవరికీ వినిపించలేదు.

తిన్నారు.

రాజనర్సు దవడకు ఒక పక్కనే నమిలాడు. నమిలిన ముద్ద ఎరుపెక్కుతుంటే నీళ్ళతో మింగాడు. తలె ఖాళీ చేశాడు. అఫ్రోజ్ ఎడమచేత్తో నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, వాటినే తిప్పుతూ ఉండిపోయాడు. రాబియా బీ గొంతులో అయిదేళ్ళ అడ్డం ఇవాళ పోయింది. దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. అయినా మింగింది. బయట మబ్బు కాసేపు నల్లబడి, ఇల్లు చీకటై, మళ్ళీ తేటపడింది.

జేబా మాత్రం కడుపు నిండా తింటోంది. అన్నం మళ్ళీ వేసుకుంది. దాల్చా పోసుకుంది. అందులోంచి మూలుగ ఉన్న ముక్కను ఏరుకుని, పీల్చి, ఎముకను తలె అంచున పెట్టింది. వేళ్ళు ఒక్కొక్కటే నాకింది. పొద్దున్నుంచి ఏమీ తినని మనిషి తిన్నట్టు లేదు. దూరం పోవలసిన మనిషి, దారిలో మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో తెలియక తిన్నట్టు ఉంది.

ఎటు పోతావని రాబియా బీ అడగలేదు. కోడలు మూడోసారి అన్నం వేసుకుంటుంటే, గిన్నెను ఆమె దిక్కు జరిపింది.